తలుపు మూసి ఉన్నప్పుడు

ఆమె గీసిన మొదటి సింబల్‌ని అతను బల్లి అన్నాడు.

నోటిమాటగా అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎర్రపెన్నుతో, పెద్ద డ్రాయింగ్ షీటు మీద, సింబల్ చుట్టూ సున్నా చుట్టి మరీ రాశాడు: "ఇదేమిటి? బల్లా?" ఆ షీటు కింది అంతస్తు వర్క్‌షాపు నుంచి మెట్లెక్కి, హెడ్‌గారి టేబుల్ మీదుగా, నలుగురి చేతులు మారి ఆమె సీటుకి చేరింది. చేరేలోపు నలుగురూ నవ్వడం అయిపోయింది. ఆమె ఉద్యోగంలో చేరి అప్పటికి తొమ్మిది రోజులు.

"ఎవరక్కా ఇది రాసింది?" అని పక్కసీటు అక్కని అడిగింది. పక్కసీటు అక్క పదహారేళ్ళుగా అదే కుర్చీలో డ్రాయింగులు గీస్తోంది. దేనికీ కంగారు పడని మనిషి.

"ఎర్రపెన్ను."

"ఏ పెన్నో కనిపిస్తూనే ఉంది. ఎవరని?"

"అతన్ని అందరూ అలాగే పిలుస్తారమ్మా. కింద వైరింగ్ లీడ్. మనం పంపే ప్రతి షీటు మీదా ఎక్కడో ఒకచోట ఎర్రగీత లేకుండా వెనక్కి పంపడు. నాకు పదహారేళ్ళ సర్వీసు, నన్నే వదల్లేదు. నువ్వు మనసులో పెట్టుకోకు."

ఆమె మనసులో పెట్టుకోలేదు. షీటు చేతిలో పట్టుకుని చరచరా మెట్లు దిగింది.

ఆ కంపెనీలో ఫ్యాక్టరీ మిషన్లకి కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేస్తారు. బీరువాంత ఇనప పెట్టెలు, వాటి నిండా స్విచ్‌లూ రిలేలూ వందల కొద్దీ వైర్లూ. పై అంతస్తులో కంప్యూటర్ మీద డ్రాయింగు గీస్తే, కింద దాన్ని చూసి వైర్లు బిగిస్తారు. డ్రాయింగులో స్విచ్‌ని స్విచ్‌లా గీయరు. ప్రతి పరికరానికీ ఒక చిన్న గుర్తు ఉంటుంది. మామూలు పరికరాల గుర్తులు సాఫ్ట్‌వేర్‌లోనే వస్తాయి. అందులో లేని కొత్త పరికరం వచ్చిందంటే దానికి ఎవరో ఒకరు కొత్త సింబల్ తయారుచేయాలి. గళ్ళ మీద గీతలు గీసి, వైరు వచ్చి తగిలేచోట చుక్కలు పెట్టి, చుక్కకో నంబరు వేసి, పేరు పెట్టి లైబ్రరీలో దాచాలి. ఆ ఎవరో ఒకరు ఈమె. ఆరునెలల ట్రయల్ మీద తీసుకున్నారు.

కింద ఒక ప్యానెల్ ముందు నిలబడి అడిగింది. లోపలికి సగం దూరిపోయిన మనిషి వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"బల్లి అన్నది మీరేనా?"

"ఎక్కడ బల్లి?" అంది ప్యానెల్.

"షీటు మీద."

ఆ మనిషి బయటికొచ్చాడు. నోట్లో స్క్రూడ్రైవర్, చెవి వెనక ఎర్రపెన్ను. స్క్రూడ్రైవర్ తీసి చేత్తో పట్టుకుని, షీటు వైపూ ఆమె వైపూ చూశాడు.

"ఓహో! బొమ్మల మేడమ్ మీరేనా?"

"బొమ్మ కాదండీ, సింబల్. ఇది ఫ్లో స్విచ్. పైపులో నీళ్ళు కదులుతున్నాయా లేదా అని చూసి చెబుతుంది. ఇది దాని బాడీ. ఇవి నాలుగు వైర్లు. ఇది లోపల ఊగే రెక్క."

"నాకు నాలుగు కాళ్ళూ తోకా కనిపించాయి."

"తోక కాదు, రెక్క!"

"రెక్క ఉందంటే బల్లి కాదులెండి. ఒప్పుకుంటాను."

వెనకాల పనిచేసుకుంటున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆమెకి ఒళ్ళు మండింది. కానీ అతను నవ్వలేదు. షీటుని ప్యానెల్ తలుపుకి ఆనించి, వేలితో చూపించాడు.

"మీరు వస్తువుని ముందు పెట్టుకుని అచ్చు అలాగే గీశారు. బాగానే గీశారు. కానీ నా చేతిలో ఉండేది వైరు మేడమ్. అది ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు. రెక్క అందం నాకెందుకు?"

అతను చెప్పింది సబబే. అందుకే ఆమెకి ఇంకా కోపం వచ్చింది. షీటు అక్కడే వదిలేసి పైకి వెళ్ళి, రెక్క తీసేసి, ఆరు గీతలూ నాలుగు చుక్కలతో మళ్ళీ గీసి పంపింది. మర్నాడు షీటు తిరిగి వచ్చింది. సింబల్ పక్కన ఎర్రటిక్కు, దాని కింద ఒక్క ముక్క: "అర్థమైంది."

ఆ ముక్కని ఆమె ఎన్నిసార్లు చదువుకుందో పక్కసీటు అక్క లెక్కపెట్టింది గానీ పైకి అనలేదు.

*

ఆ తర్వాత నాలుగు నెలలు షీట్లు పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాయి. అతను ఎర్రపెన్నుతో అడిగేవాడు, ఆమె నీలంపెన్నుతో జవాబు రాసేది. "ఈ చుక్క గడి మీద లేదు, అరగడి పక్కకి ఉంది. వైరు తగిలినట్టు కనిపిస్తుంది కానీ తగలదు." "సరిచేశాను. మీ కళ్ళా భూతద్దాలా?" "చత్వారం వచ్చేదాకా ఇంతే." పని గురించే రాసుకున్నారు. కానీ ఏ షీటూ రాని రోజున ఆమెకి సాయంత్రం దాకా ఏదో వెలితిగా ఉండేది. అది ఆమె ఒప్పుకోలేదు. షీట్లు తక్కువగా వస్తున్నాయేమిటని మాత్రం రెండుసార్లు అడిగింది.

ఆమె ఉంటున్నది సొంత అక్క ఇంట్లో. ఆ అక్క అడగనే అడిగింది. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందుగదిలో మూడు కుట్టుమిషన్లు, కొలతలకి వచ్చేవాళ్ళు, ఇచ్చినవి తీసుకెళ్ళేవాళ్ళు, ఊరికే కబుర్లకి వచ్చేవాళ్ళు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ ఇంటి వీధితలుపు బార్లా తెరిచే ఉంటుంది.

"మూడురోజులకోసారి ఎర్రపెన్ను ఎర్రపెన్ను అంటున్నావు. మనిషి ఎలా ఉంటాడే?" అంది అక్క.

"చెవి వెనక పెన్నుతో ఉంటాడు."

"మిగతా మనిషో?"

"మిగతాదంతా ప్యానెల్ లోపల ఉంటుంది."

బావ పేపర్ వెనకనుంచి అన్నాడు, "అయితే పెళ్ళిచూపులకి ప్యానెల్‌తో సహా తీసుకురమ్మను. మన తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది, పడుతుంది."

"బావా!"

"నేనేమన్నానమ్మా? పేపర్‌లో ఉన్నది చదివాను."

ఆమె నవ్వేసింది గానీ లోపల ఒక బెంగ ఉంది. ఆరునెలలు దగ్గర పడుతున్నాయి. ఉద్యోగం ఖాయమైతే అక్క దగ్గరే ఉంటుంది. కాకపోతే నాన్న దగ్గరికి తిరిగి వెళ్ళిపోవాలి. అక్కడ ఆయన స్నేహితుడి ఆఫీసులో ఒక కుర్చీ అట్టేపెట్టి ఉంచారు. రోజంతా ఉత్తరాలు టైపు చేయాలి. "సరదా తీరాక వచ్చెయ్" అన్నారు నాన్న. సరదా అన్నమాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఒక ఖాళీ గళ్ళతెర మీద తను నాలుగు గీతలు పెడితే, ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని చూసి సరైనచోట వైరు పెడతాడు. ఆ పని ఆమెకి ప్రాణం. దాన్ని వదులుకుని వెళ్ళడం అన్నది తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ బల్లి మళ్ళీ కనిపించింది.

ఏదో నమూనా చూడటానికి కిందకి వెళ్ళింది. అతను సీటులో లేడు. అతని బల్ల పైన గోడకి ఆమె మొదటి సింబల్ షీటు అంటించి ఉంది. ఎర్రసున్నా, దాని పక్కన "ఇదేమిటి? బల్లా?" నాలుగు మూలలా నీటుగా టేపు కూడా వేశాడు. అంటే ఇన్నాళ్ళూ వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించి నవ్విస్తున్నాడన్నమాట. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు.

సీటు మీద అతని షీటు ఒకటి ఎదురుచూస్తోంది. ప్యాకింగ్ మిషన్ తలుపుకి పెట్టే స్విచ్ తాలూకు సింబల్, ఆమె కొత్తగా చేసింది. నమూనా ఇంకా రాలేదని చుక్కలకి నంబర్లు వేయకుండా వదిలేసింది. ఎర్రపెన్ను అడిగింది: "నంబర్లు?"

అది రోజూలాంటి ప్రశ్నే. ఆ రోజు మాత్రం ఆమె నీలంపెన్ను నొక్కి రాసింది: "బొమ్మ చూస్తే తెలుస్తుంది."

అతను ఆ జవాబు చదివి మళ్ళీ అడగలేదు. అడగాల్సింది. అతనికీ పౌరుషం ఉంది మరి.

*

ఆరునెలలు నిండటానికి ఒక్కరోజు ముందు, గురువారం, ప్యాకింగ్ మిషన్ ప్యానెల్‌కి ఇన్‌స్పెక్షన్. కొనేవాళ్ళ తరఫున ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పొట్టిగా ఉంటుంది, కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంటుంది, అనవసరంగా ఒక్కమాట మాట్లాడదు. ఇది సవ్యంగా జరిగితే ఆమె తయారుచేసిన నూట నలభై రెండు సింబల్స్ లైబ్రరీని కంపెనీ అంతా వాడుకుంటుందని, రేపే ఉద్యోగం ఖాయం చేసిన ఉత్తరం ఇస్తామని హెడ్‌గారు చెప్పారు. "నువ్వూ కిందకి వచ్చి చూడమ్మా" అన్నారు.

ఆ మిషన్ కాగితం పెట్టెలు కత్తిరించి మడతపెడుతుంది. పనిచేసేచోట ఒక గాజుతలుపు ఉంటుంది. ఆ తలుపు తెరిస్తే మిషన్ ఠక్కున ఆగాలి. లేకపోతే ఎవరి చెయ్యో లోపలికి పోతుంది. మిషన్ ఆ పొద్దునే వచ్చింది. అంతవరకు తలుపు స్విచ్ బదులు ఒక వైరుముక్క కలిపి ప్యానెల్‌ని పరీక్షించారు. అసలు స్విచ్‌ని అతనే ఆ పొద్దున డ్రాయింగు చూసి బిగించాడు. అదృష్టవశాత్తూ కత్తి ఇంకా బిగించలేదు.

తలుపు మూసి బటన్ నొక్కారు. మిషన్ కదల్లేదు.

మళ్ళీ నొక్కారు. కదల్లేదు. ఏమైందో చూద్దామని అతను తలుపు తీశాడు. అప్పుడు హెడ్‌గారు ఇంకోసారి నొక్కారు. మిషన్ ఝామ్మని తిరిగింది.

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, తలుపు తనే మూసింది. మిషన్ ఆగింది. తెరిచింది. తిరిగింది.

"తలుపు తీస్తే తిరిగి, మూస్తే ఆగుతోంది," అంది ఆవిడ. "నేను అడిగింది దీనికి రివర్సు."

హెడ్‌గారు అతని వైపు తిరిగారు. "ఏడేళ్ళలో ఒక్క వైరు తప్పు పెట్టలేదు కదయ్యా నువ్వు! ఏమైంది?"

అతను షీటు విప్పి చూశాడు. ఆమె కూడా అతని భుజం పక్కనుంచి చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆ స్విచ్ లోపల కరెంటుని దాటించే లోహపు ముక్కలు రెండు జతలు ఉంటాయి. తలుపు మూస్తే ఒక జత కలుస్తుంది, రెండోది విడిపోతుంది. డ్రాయింగులో ఏ పరికరాన్నయినా ఎవరూ ముట్టుకోనప్పుడు ఎలా ఉంటుందో అలా గీయాలన్నది రూలు. తలుపుని ఎవరూ ముట్టుకోకపోతే అది తెరిచే ఉంటుందని ఆమె అనుకుంది. అందుకని కావాల్సిన జతని, అంటే తలుపు మూస్తే కలిసేదాన్ని, విడిపోయినట్టు గీసింది. ఎవరూ ముట్టుకోని తలుపు మూసి ఉంటుందని అతను అనుకున్నాడు. మూసినప్పుడు విడిపోయే జత ఏదో వెతికి దానికి వైరు పెట్టాడు. నంబర్లు ఉండి ఉంటే ఈ గొడవే లేదు. నంబర్ల చోట ఆమె రాసిన నీలి అక్షరాలు ఉన్నాయి.

అతను షీటుని మడిచేశాడు.

"నాదే సార్ పొరపాటు. రెండు వైర్లు మారిపోయాయి. పది నిమిషాల్లో మార్చేస్తాను."

తను ఊరుకుంటే చాలు. రేపు ఉత్తరం వస్తుంది. అక్క ఇల్లు, కిటికీ పక్క సీటు, గళ్ళతెర అన్నీ అలాగే ఉంటాయి. అతనికి మాత్రం ఏడేళ్ళ మంచిపేరు మీద ఒక మచ్చ పడుతుంది. పడితే పడనీ, గోడకి బల్లిని అంటించినవాడే కదా. ఇలా అనుకోవడానికి ప్రయత్నించింది. ఒక్క నిమిషం కూడా అనుకోలేకపోయింది.

"పొరపాటు నాది సార్," అంది. "ఆయన నంబర్లు అడిగారు. నేను బొమ్మ చూస్తే తెలుస్తుందని రాశాను. షీటు మీద నా రాత ఉంది. విప్పి చూడండి."

"అక్కర్లేదు సార్, నేను రెండోసారి అడగాల్సింది," అన్నాడు అతను.

"అడిగితే జవాబు చెప్పని నాది తప్పు."

"మీటరు పెట్టి చూసుకోకపోవడం నాది."

"ఇద్దరూ ఒక్క క్షణం ఆగుతారా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. షీటు అతని చేతిలోంచి లాక్కుని చదివింది. ఎర్రముక్క, నీలిముక్క రెండూ చదివి, కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. "ఒక్కటి చెప్పండి. మామూలుగా తలుపు ఎలా ఉంటుంది?"

"తెరిచి," అంది ఆమె.

"మూసి," అన్నాడు అతను.

రెండూ ఒకేసారి వచ్చాయి. అక్కడున్న పదిమందీ తలా ఒక మాట అందుకున్నారు. మా ఇంట్లో మూసే ఉంటుందని కొందరు, గాలి రావద్దా అని కొందరు. పక్కసీటు అక్క మా ఆయన ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా అంది. హెడ్‌గారు కూడా ఏదో చెప్పబోయారు.

"మీ ఇళ్ళ సంగతి నాకెందుకండీ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "సింబల్ కింద రాయండి. తలుపు ఎలా ఉన్నప్పుడో రాస్తే చదివేవాడు ఊహించుకోనక్కర్లేదు. వైర్లు మార్చండి, మధ్యాహ్నం మళ్ళీ చూస్తాను."

మధ్యాహ్నం అన్నీ సరిగ్గా పనిచేశాయి. ఆవిడ సంతకం పెట్టి వెళ్ళిపోయింది. శుక్రవారం మాత్రం ఉత్తరం రాలేదు. హెడ్‌గారు ఆమెని పిలిచి, కటువుగా కాకుండా, మెత్తగా కూడా కాకుండా చెప్పారు.

"నూట నలభై రెండింట్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. మూడు వారాలు టైమిస్తాను. ఒక్కో సింబల్‌నీ నువ్వు చూపించాలి, చదివేవాడు చదవాలి. నువ్వు నోరు విప్పకుండా అతనికి అర్థమైతేనే పాస్. ఇద్దరి సంతకాలూ ఉండాలి. అప్పుడు ఉత్తరం సంగతి చూద్దాం."

"చదివేవాడు ఎవరు సార్?"

"ఇంకెవరు? ఎర్రపెన్ను."

*

రోజూ భోజనాలయ్యాక గంటసేపు అతను పైకి వచ్చేవాడు. కుర్చీ లాక్కుని, కొంచెం దూరంగా కూర్చునేవాడు. ఆమె తెర మీద సింబల్ పెట్టి పెదాలు బిగించుకునేది. అతను చదివేవాడు.

"మోటారు... రెండు స్పీడులది. ఎడమ చుక్క తక్కువ స్పీడు, కుడిది ఎక్కువ. అవునా?"

ఆమె తలాడించేది.

"ఇది హారన్. కాదు, గంట. కాదు... మీ మొహం చూస్తే ఏదీ కాదని తెలుస్తోంది."

"నా మొహం చూడకూడదు. తెర చూడండి."

"తెర కంటే తేలిగ్గా చదవొచ్చు మరి."

పక్కసీటు అక్కకి సరిగ్గా ఆ గంటలోనే ఫైలు ఏదో వెతకాల్సిన పని పడేది. ఒకరోజు పోతూ పోతూ అంది, "ఇన్ని గీస్తున్నావు, ఒక గుండె బొమ్మ గీసి అతనికి చూపించకూడదూ? ఒక్క చూపులో చదివేస్తాడు."

"దానికి వైరు చుక్కలు ఎక్కడ పెట్టనక్కా? ఎర్రసున్నా చుట్టి పంపిస్తాడు," అంది ఆమె. అని, తన మాటకి తనే సిగ్గుపడింది.

రెండు వారాలు తిరిగేసరికి వంద దాటాయి. సింబల్‌కీ సింబల్‌కీ మధ్య మాటలూ దాటాయి. తలుపు గురించి ఆమే ఎత్తింది.

"మీ ఇంట్లో తలుపు ఎప్పుడూ మూసే ఎందుకుంటుంది?"

"అమ్మ నర్సు. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. పగలు పడుకుంటుంది. చిన్న చప్పుడైతే చాలు, లేచి కూర్చుంటుంది. అందుకే తలుపు మూసి, బెల్‌కి వైరు తీసేశాను. ఎనిమిదేళ్ళయింది. మా ఇంటికి వచ్చేవాళ్ళు ఫోన్ చేసి, మెట్ల దగ్గర చెప్పులు విప్పి, పిల్లుల్లా వస్తారు. రానురాను వాళ్ళూ మానేశారు."

"మరి మీరు?"

"నాకు అలవాటైపోయింది. చప్పుడు చేయకుండా ఉండటం."

ఇతను ఎందుకు అంత తక్కువ మాట్లాడతాడో, ఎందుకు కాగితం మీద అంత ఎక్కువ రాస్తాడో ఆమెకి అప్పుడు తెలిసింది. అతని మీద ప్రేమ కలిగిందని కూడా అప్పుడే తెలిసింది. కలిగి చాలా రోజులయ్యే ఉంటుంది. గోడ మీద బల్లి మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అడగాలంటే నోరు రాలేదు.

మూడోవారం శుక్రవారం నూట నలభై రెండోది తెర మీద పెట్టింది. గాజుతలుపు స్విచ్. జత కలిసినట్టు మార్చి గీసింది. చుక్కలకి నంబర్లు, కింద చిన్న అక్షరాల్లో ఒక లైను: తలుపు మూసి ఉన్నప్పుడు.

"మీ మాటే పెట్టారే," అన్నాడు.

"మిషన్ తలుపు కదా, మిషన్ మామూలుగా మూసే నడుస్తుంది. మీరే కరెక్టు. ఇంటి తలుపు సంగతి వేరు."

అతను సంతకం పెట్టాడు. ఆమె పెట్టింది. ఇంక చేయాల్సింది ఏమీ లేక ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

"రేపటినుంచి నాకు పైకి రావాల్సిన పనిలేదు," అన్నాడు అతను.

"పని ఉంటేనే రావాలా?"

అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఇప్పుడు చెబుతాడు అనుకుంది ఆమె. చెప్పాడు.

"మీ అక్కగారు యూనిఫాంలు కుడతారా? అమ్మవి రెండు వదులు చేయించాలి."

"కుడుతుంది," అంది ఆమె, చప్పగా. "ఆదివారం తీసుకురండి."

మర్నాడు శనివారం హెడ్‌గారు ఉత్తరం ఇచ్చారు. ఉద్యోగం ఖాయమైంది. ఆమె నాన్నకి ఫోన్ చేసి, "సరదా తీరలేదు నాన్నా, ఇక్కడే ఉంటున్నాను" అంది. అంత సంతోషంలోనూ యూనిఫాం మాట తలుచుకుంటే నీరసంగా ఉంది.

*

ఆదివారం పదకొండింటికి అక్క ఇంట్లో బెల్ మోగింది. కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఇంటికి బెల్ ఉందన్న సంగతే అందరూ మర్చిపోయారు.

బావ ముందుగదిలోకి వచ్చి చూశాడు. బార్లా తెరిచిన తలుపు ముందు అతను నిలబడి ఉన్నాడు, పక్కన తల్లి. చెవి వెనక పెన్ను లేదు.

"తీసి ఉన్న తలుపుకి బెల్ కొట్టినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు బావ. "రండి బాబూ, ప్యానెల్ తీసుకురాలేదా?"

ఆమె బావని కళ్ళతోనే చంపేసింది.

అతని అమ్మగారు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్క కొలతలు తీసుకుంటూనే కబుర్లలోకి దింపింది. ఆవిడ సోఫాలో కూర్చుని, తలుపులోంచి వచ్చేపోయేవాళ్ళని వింతగా చూస్తోంది. పదినిమిషాలయ్యాక అక్క లేచి, యూనిఫాంకి తెల్లగుండీలు అయిపోయాయంది. డబ్బా నిండా గుండీలు ఉండటం ఆమె పొద్దునే చూసింది.

"మీరిద్దరూ వెళ్ళి తీసుకురండి. సందు చివర షాపే," అంది అక్క అమాయకంగా.

దారిలో అతను గుండీల సైజు గురించి మాట్లాడాడు. షాపులో గుండీలకి ఎన్ని రంధ్రాలుండాలో అడిగాడు. తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. వాన గురించి మాట్లాడతాడేమోనని ఆమె భయపడింది. ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చి, మెట్లెక్కి, ఇంటిముందు రేకు కింద నిలబడ్డారు.

తలుపు మూసి ఉంది.

ఆమె కళ్ళు నులుముకుని చూసింది. ఆ తలుపుని పగటిపూట మూసి ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. దాని మీద బట్టల సుద్దతో అక్క చేతిరాత: "లోపల పడుకున్నారు. బెల్ కొట్టొద్దు."

కిటికీలోంచి తొంగి చూసింది. సోఫాలో అమ్మగారు ఒకవైపుకి ఒరిగి గాఢంగా నిద్రపోతున్నారు. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. అక్క మిషన్ మానేసి చేత్తో కుడుతోంది. బావ చెప్పులు చేత్తో పట్టుకుని వంటగదిలోకి నడుస్తున్నాడు.

అతను కూడా వంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"మూడు మిషన్లు ఆడుతుంటే పడుకుంది," అన్నాడు నమ్మలేనట్టు. "తలుపు తీసి ఉండగానే పడుకుని ఉంటుంది. మీ అక్కయ్య తర్వాత మూసుంటారు. మా అమ్మ కొత్తచోట కన్ను మూయదు."

అతని మనసు ఎంత నిండిపోయిందో, చెయ్యి దానంతటదే బెల్ వైపు వెళ్ళింది. ఆమె గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు!"

అన్నాక, 'మీరు' అనలేదని గుర్తొచ్చింది. చెయ్యి కూడా వదల్లేదని గుర్తొచ్చింది. అయినా వదల్లేదు. ఇక దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఒకటి అడుగుతాను. ఆ బల్లి షీటు గోడకి ఎందుకు అంటించావు? అందరూ నవ్వడానికా?"

అతను తెల్లబోయాడు. "నవ్వడానికా? ఏడేళ్ళుగా ఎర్రపెన్నుతో రాస్తున్నాను. అందరూ తిట్టుకుని దిద్ది పంపేవారే. ఇదేమిటని అడగడానికి మెట్లు దిగి వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ షీటు ఎలా పారేయను?"

"ఆ మాట నాకు చెప్పొచ్చు కదా! దాని వల్లే కోపమొచ్చి నంబర్లు వేయకుండా..."

"చెప్పడం రాదు. రాయడం వచ్చు. రాద్దామంటే నీ షీట్లన్నీ హెడ్‌గారి టేబుల్ మీదుగా వస్తాయి."

ఆమె పకపకా నవ్వబోయి, లోపల నిద్రపోతున్న మనిషి గుర్తొచ్చి, చేత్తో నోరు మూసుకుంది.

"అయితే ఇప్పుడు చెప్పు. ఎవరి టేబులూ లేదు."

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాడు అతను, చాలా మెల్లగా, తలుపు మీది సుద్దరాతని గౌరవిస్తూ. "అమ్మని యూనిఫాం కోసం తీసుకురాలేదు. నిన్ను చూపించడానికి తీసుకొచ్చాను. యూనిఫాంలు బిగుతు కూడా కాలేదు."

"నాకూ ఇష్టమే. మా ఇంట్లో గుండీలు కూడా అయిపోలేదు."

గంటన్నర వాన కురిసింది. ఇద్దరూ రేకు కింద మెట్టు మీద కూర్చున్నారు. బట్టలకి వచ్చినవాళ్ళని వేలు పెదాల మీద పెట్టుకుని వెనక్కి పంపించారు.

తలుపు తీసింది అమ్మగారే. మొహం మీద సోఫా గుడ్డ గీతలు పడ్డాయి. తడిసిన ఇద్దర్నీ, కలిసి ఉన్న చేతుల్నీ చూశారు. వెనక్కి తిరిగి అక్కతో అన్నారు:

"ఎనిమిదేళ్ళ తర్వాత ఇంత నిద్ర పట్టిందమ్మా నాకు. ఈ ఇంటితో సంబంధం కలుపుకోవాలి. మీరేమంటారు?"

"పిల్లాడు బెల్ కొట్టకుండా వచ్చేటట్టయితే మాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు బావ, అక్క నోరు తెరిచేలోపే.

ఆ బుధవారం పొద్దున అమ్మగారు డ్యూటీ నుంచి వచ్చి, పడుకోబోతూ కొడుకుని పిలిచారు.

"రేపు ఆ అమ్మాయి మనింటికి వస్తానంది కదా. వస్తే నాకెలా తెలుస్తుందిరా?"

అతను స్టూలు వేసుకుని ఎక్కి, ఎనిమిదేళ్ళ క్రితం తీసేసిన బెల్ వైరుని మళ్ళీ కలిపాడు.